ఆటిజం పిల్లల క్లాసులో కూర్చుని చూసేటప్పుడు ఏం గమనించాలి?

నమస్కారం. మాది మిర్యాలగూడ. మా బాబుకి ఐదేళ్లు, ఆటిజం ఉంది. నల్గొండలో ఒక స్పెషల్ స్కూల్లో చేర్పించే ముందు ఒక పూట క్లాసులో కూర్చుని చూసుకోమని అక్కడి మేడం అన్నారు. స్పెషల్ టీచర్లు, ఇలాంటి పిల్లల అమ్మానాన్నలు ఎవరైనా ఉంటే నాకు దారి చూపండి.

టీచర్‌కి రీహాబిలిటేషన్ కౌన్సిల్ (స్పెషల్ టీచర్లకి గుర్తింపు ఇచ్చే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా అని అడుగుతాను. ఏ పని తర్వాత ఏ పనో బొమ్మల కార్డులతో గోడకి పెడితే పిల్లలకి టెన్షన్ తగ్గుతుందని కూడా తెలుసు. నాకు అర్థం కానిది వేరే. ఒక పిల్లవాడు చెవులు మూసుకుని ఏడుస్తుంటే మంచి టీచర్ ఏం చేస్తారు? దగ్గరికి తీసుకుంటారా, చప్పుడు లేని చోట కాసేపు వదిలేస్తారా? మా వాడికి ఇంకా మాటలు రాలేదు. దాహమేస్తే నా చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్తాడు. అది కూడా అడగడమేనని టీచర్ గుర్తిస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది? చేతులు ఊపే పిల్లల్ని గట్టిగా పట్టుకుని ఆపేస్తుంటే మాత్రం అక్కడ చేర్పించను.

కొత్త మనిషి కూర్చుంటే పిల్లలు బెదురుతారేమో, ఎక్కడ కూర్చోవాలి? రాసుకోవచ్చా? ఫోటోలు ఎలాగూ తీయను, వాళ్లూ ఎవరో ఒకరి బిడ్డలే.

స్కూలుతో పాటు మండలంలోని భవిత కేంద్రానికి (ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) కూడా పంపినవాళ్లుంటే, పిల్లవాడు రెండు చోట్లా తట్టుకున్నాడా చెప్పండి.