విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికలను వెతకడం ఎలా?

ప్రశ్న – పరిశోధక విద్యార్థిని, తెలుగు శాఖ

పెద్దలకు నమస్కారం. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల స్త్రీల పత్రికల్లో ఆరోగ్యం, ప్రసూతి, శిశుపోషణల గురించి వచ్చిన వ్యాసాలు నా పరిశోధనాంశం. 1902లో మొదలైన ‘హిందూ సుందరి’, ఆయుర్వేద వైద్యులు కె.ఎన్. కేసరి గారు 1928లో మద్రాసు నుంచి ప్రారంభించిన ‘గృహలక్ష్మి’ సంచికలు ముఖ్యంగా కావాలి. మా గ్రంథాలయ కంప్యూటర్ కేటలాగులో ఈ రెండు పేర్లనూ తెలుగులో టైపు చేసి చూశాను, ఏమీ రాలేదు. ఇవి మా గ్రంథాలయంలో లేవని దీన్నిబట్టి నిర్ధారించుకోవచ్చా? క్యాంపస్‌లో తెరుచుకునే ఇంగ్లీషు జర్నళ్లు సెలవుల్లో ఇంటి నుంచి తెరుచుకోకపోవడం మరో ఇబ్బంది. అలాగే, ఇదివరకే ఈ అంశంపై ఎవరైనా సిద్ధాంత గ్రంథం (పీహెచ్‌డీ థీసిస్) సమర్పించారేమో తెలుసుకోవడానికి ఎక్కడ, ఏ విధంగా వెతకాలో వివరించగలరని కోరుతున్నాను.

జవాబు – విశ్రాంత గ్రంథాలయాధికారి

అమ్మా, కేటలాగులో కనబడనంత మాత్రాన గ్రంథాలయంలో లేదని ఎప్పుడూ అనుకోవద్దు. మన విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల పాత కార్డులనూ, గ్రంథాలయానికి వచ్చిన పుస్తకాలను నమోదు చేసే ప్రవేశ రిజిస్టర్లనూ చూసి వివరాలను కంప్యూటర్లోకి ఎక్కించే పని పుస్తకాలతో మొదలైంది. బైండు చేసిన పాత పత్రికల వంతు చివర వచ్చింది, కొన్నిచోట్ల ఇప్పటికీ రాలేదు. ఎక్కించినవాటిలోనూ తెలుగు పేర్లను చాలాకాలం ఇంగ్లీషు అక్షరాల్లోనే నమోదు చేశారు. అందువల్ల తెలుగు లిపిలో వెతికితే అవి బయటపడవు. ఇంగ్లీషు అక్షరాల్లో వెతికేటప్పుడు కూడా ఒకే వర్ణక్రమంతో ఆగిపోకండి. ‘గృ’ను ఒకరు జి-ఆర్-ఐ అని, మరొకరు జి-ఆర్-యు అని రాసి ఉంటారు. ‘లక్ష్మి’కి కె-ఎస్-హెచ్ రాసినవారూ ఉన్నారు, ఎక్స్ రాసినవారూ ఉన్నారు. ‘సుందరి’లోని సున్నకు కొందరు ఎన్ బదులు ఎమ్ వాడారు. పేరులో ఏ తేడాకూ అవకాశం లేని ముక్కను మాత్రమే టైపు చేసి, వచ్చిన ఫలితాలను ఓపికగా చూడడం మేలు.

అప్పటికీ దొరకకపోతే పత్రికల విభాగానికి స్వయంగా వెళ్లి, అక్కడ బాధ్యత చూస్తున్నవారిని బైండు సంపుటాల రిజిస్టర్ చూపించమని అడగండి. విరాళంగా వచ్చిన వ్యక్తిగత సేకరణలు ఉన్నాయా, అవి వేరే గదిలో ఉన్నాయా అన్నది కూడా అడగండి. పాత పత్రికలు తరచుగా అలాంటి సేకరణల్లోనే ఉంటాయి, వాటి జాబితా ఒక్కోసారి చేతిరాతలోనే ఉంటుంది. పరిశోధకులకు సమాచారం వెతికిపెట్టడం గ్రంథాలయ సిబ్బంది విధుల్లో ఒకటి, వారు మీకు చేసే ఉపకారం కాదు. ఏ పత్రిక, ఏ సంవత్సరాలు, ఏ విషయం అన్నవి ఒక కాగితం మీద స్పష్టంగా రాసి తీసుకువెళ్తే వారి పని సులువవుతుంది. ఈ సేవను ఉపయోగించుకునే విద్యార్థులు చాలా తక్కువగా ఉండడం నన్ను ఉద్యోగకాలమంతా బాధించింది.

ఇంటి నుంచి జర్నళ్లు చదవడం గురించి: క్యాంపస్‌లో నెట్‌వర్క్ చిరునామాను బట్టి ప్రచురణకర్తలు మిమ్మల్ని గుర్తిస్తారు. బయటి నుంచి చదవాలంటే విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కంప్యూటర్ల ద్వారా కలిపే, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ఇన్‌ఫెడ్ అనే వ్యవస్థ ఉంది. మీ విశ్వవిద్యాలయం అందులో సభ్యురాలైతే గ్రంథాలయమే మీకు లాగిన్ వివరాలు ఇస్తుంది. 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద 30 మంది ప్రచురణకర్తల జర్నళ్లు, దాదాపు 13,000, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు అందుబాటులోకి వచ్చాయి. వలసపాలన కాలపు వైద్యం, స్త్రీల చరిత్రల మీద మీకు కావలసిన ఇంగ్లీషు వ్యాసాలు కేంబ్రిడ్జ్, సేజ్ వంటివారి జర్నళ్లలో దొరుకుతాయి. పాత తెలుగు పత్రికల కోసం మాత్రం అక్కడ కాలం వెచ్చించకండి.

జవాబు – పరిశోధన పూర్తిచేసిన అధ్యాపకుడు

పైన పెద్దలు చెప్పినదానికి సిద్ధాంత గ్రంథాల విషయం చేరుస్తాను. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ‘శోధ్‌గంగా’లో దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు అధ్యాయాలవారీగా ఉంటాయి. ఎలక్ట్రానిక్ ప్రతి సమర్పించాలని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2009 నిబంధనల్లో చేర్చింది కనుక, అంతకు ముందువి అన్నీ అక్కడ ఉంటాయని ఆశించకూడదు. తెలుగు గ్రంథాల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. వాటిలో చాలావరకు స్కాన్ చేసిన పుటలు, లేదా ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో కూర్చినవి. అవి యూనికోడ్‌లో (కంప్యూటర్లన్నీ గుర్తించే ప్రామాణిక లిపి సంకేతాల్లో) లేనందువల్ల లోపలి పాఠంలో తెలుగు మాటతో వెతికితే దొరకదు. కాబట్టి విశ్వవిద్యాలయాన్నీ, తెలుగు శాఖనూ ఎంచుకుని, శీర్షికల జాబితా మొత్తం చదవడమే నమ్మదగిన పద్ధతి. పాతవాటి కోసం మీ గ్రంథాలయంలోని సిద్ధాంత గ్రంథాల విభాగానికి వెళ్లక తప్పదు.

సంచికలు మీ క్యాంపస్‌లో నిజంగానే లేవని తేలితే, హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ, 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనంలోనూ విచారించండి. బయలుదేరే ముందు ఫోనులో ఏ సంపుటాలున్నాయో అడిగి, పర్యవేక్షకుల సంతకంతో పరిచయ లేఖ తీసుకువెళ్లండి. మీ గ్రంథాలయం డెల్నెట్ అనే గ్రంథాలయాల నెట్‌వర్క్‌లో సభ్యత్వం తీసుకుని ఉంటే, ఇతర గ్రంథాలయాల నుంచి పుస్తకాలు అరువుగానూ, వ్యాసాలు నకళ్లుగానూ తెప్పించుకోవచ్చు. అయితే పెళుసుబారిన పాత సంపుటాలను ఎవరూ బయటికి పంపరు, పంపకూడదు కూడా.

మళ్లీ ప్రశ్న – పరిశోధక విద్యార్థిని

ఇంత వివరంగా రాసిన ఇద్దరికీ కృతజ్ఞతలు. మా పత్రికల విభాగంలోని రిజిస్టర్‌లో ‘గృహలక్ష్మి’ సంపుటాలు కొన్ని కనిపించాయి. కాగితం ముట్టుకుంటే విరిగేలా ఉంది. జిరాక్స్‌కు అనుమతి ఇవ్వలేదు. ఇప్పుడు నోట్సు ఎలా తీసుకోవాలి?

జవాబు – విశ్రాంత గ్రంథాలయాధికారి

చాలా సంతోషం అమ్మా. జిరాక్స్‌కు అనుమతి ఇవ్వకపోవడం సరైన నిర్ణయమే. సంపుటాన్ని బోర్లించి గాజుపలకకు నొక్కితే బైండింగు విరుగుతుంది. మీ ఫోనుతో ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసుకోవడానికి లిఖితపూర్వకంగా అనుమతి అడగండి. సంపుటాన్ని బల్ల మీద పూర్తిగా పరచకుండా, రెండు వైపులా మెత్తని ఆధారం పెట్టి, తెరుచుకున్నంత మేరకే తెరవండి. ప్రతి సంచికలోనూ మొదట ముఖపత్రం ఫోటో తీసిన తరువాతే వ్యాసాల పుటలు తీయండి. లేకపోతే కొన్ని నెలల తరువాత ఏ పుట ఏ సంచికదో తెలియక మళ్లీ మొదటికి వస్తారు.

తేదీల విషయంలో జాగ్రత్త అవసరం. పాత పత్రికల మీద తెలుగు సంవత్సరం, మాసం మాత్రమే ఉన్న సందర్భాలు మీకు ఎదురవుతాయి. 1928 ఉగాదితో విభవ మొదలైంది కనుక విభవ అన్నచోటల్లా 1928 అని రాసేస్తుంటారు. విభవ ఫాల్గుణం నిజానికి 1929 మార్చి, ఏప్రిల్ నెలల్లోకి వస్తుంది. పత్రిక మీద ఉన్నది ఉన్నట్టుగా రాసుకుని, పక్కన కుండలీకరణాల్లో ఇంగ్లీషు సంవత్సరం చేర్చండి.