జాన్ కార్టర్‌ని ముంచింది పబ్లిసిటీనా, సినిమానా?

నేల టికెట్:
డిస్నీ వాళ్ల 2012 సినిమా ‘జాన్ కార్టర్’ నిన్న రాత్రి మళ్లీ చూశా. 25 కోట్ల డాలర్ల పైనే పెట్టారు. విడుదలైన పది రోజులకే దాదాపు 20 కోట్లు పోతాయని కంపెనీయే చెప్పేసింది. మరుసటి నెల స్టూడియో అధినేత రిచ్ రాస్ రాజీనామా. అప్పట్నుంచీ అభిమానులది ఒకటే పాట: సినిమా మంచిదే, పబ్లిసిటీ చంపేసింది అని. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నాకైతే. మొదట అంగారకుడి మీద గాలి ఓడల యుద్ధం. సర్దుకుని కూర్చునేలోపు 1881 న్యూయార్క్. హీరో మేనల్లుడు ఆయన డైరీ తెరవగానే 1868 అరిజోనా. హీరో అంగారకుడి మీద కాలు పెట్టేసరికి పాప్‌కార్న్ సగం ఖాళీ. హీలియం, జొడాంగా, థార్కులు, థెర్నులు... పేర్లు రాసుకోవడానికి నోట్‌బుక్ పెట్టుకోవాలి.

పోస్టర్ బాబాయ్:
టైటిల్ సంగతి వదిలేశారేం? ముందు ‘జాన్ కార్టర్ ఆఫ్ మార్స్’ అనుకున్నారు, చివర్లో మార్స్ పీకేశారు. 2011లో అదే కంపెనీ ‘మార్స్ నీడ్స్ మామ్స్’ బోల్తా కొట్టింది లెండి. మిగిలిందేంటి? బ్యాంకు కౌంటర్ మీద నేమ్‌ప్లేట్! హీరో టేలర్ కిచ్ జనానికి పెద్దగా తెలీదు, టైటిల్లో ఉన్నవాడు అసలే తెలీదు. తమాషా ఏంటంటే, సినిమా అయ్యాక పడే కార్డులో ‘ఆఫ్ మార్స్’ ఉంటుంది. జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు చెప్తే ఏం లాభం?

లెక్కల మాస్టారు:
ప్రపంచమంతా కలిపి 28 కోట్లు వచ్చాయిగా, ఇంకా నష్టమేంటని ఎవరూ అడక్కముందే చెప్తున్నా. అది గ్రాస్. అందులో సుమారు సగం థియేటర్ల వాళ్లదే. పబ్లిసిటీ ఖర్చు వేరే.

నేల టికెట్:
బాబాయ్, టైటిల్ చెత్తదే, ఒప్పుకున్నా. కానీ ఆ దెబ్బ ఓపెనింగ్స్‌కే కదా. అమెరికాలో మొదటి మూడు రోజులకి 3 కోట్లు, మొత్తం రన్‌కి 7 కోట్ల 30 లక్షలు. చూసొచ్చినవాళ్లు పక్కవాళ్లకి గట్టిగా చెప్పుంటే అక్కడ ఆగేదా?

పాత పుస్తకాల పురుగు:
అసలు దెబ్బ ఇంకోటుంది. ఎడ్గర్ రైస్ బరోస్ ఈ కథని 1912లో పత్రికలో సీరియల్‌గా రాశాడు. సరిగ్గా వందేళ్లకి సినిమా! ‘అవతార్’ తీసిన జేమ్స్ కామెరాన్ కూడా తన మీద బరోస్ ప్రభావం ఉందన్నాడు. మనం కాపీలన్నీ చూసేశాక ఒరిజినల్ వచ్చింది. దాన్నే కాపీ అన్నారు పాపం.

పోస్టర్ బాబాయ్:
ఇది నిజం. అయినా అంగారకుడి మీది వార్హూన్లనే తెగ మీదకి హీరో ఒంటరిగా దూకే సీన్ చూసి ఇది చెత్త సినిమా అనగలరా? ఇక్కడ కత్తి దిగుతుంటే, అక్కడ కాలిపోయిన ఇంటి ముందు పెళ్లాం, బిడ్డ సమాధులు తవ్వుతుంటాడు. ఒక్కో వేటుకీ ఒక్కో పార మట్టి. ‘ఫైండింగ్ నీమో’ తీసిన ఆండ్రూ స్టాంటన్ చెయ్యి అక్కడ కనిపిస్తుంది. గొంతులో ముద్ద దిగలేదు నాకు.

నేల టికెట్:
నా గొడవా అదే! వీడు ఏ యుద్ధమూ వద్దని ఎందుకు పారిపోతున్నాడో సగం సినిమా అయ్యాక అప్పుడు తెలుస్తుంది. ముందే తెలిస్తే వాడి వెనకాలే వెళ్లేవాళ్లం.

పోస్టర్ బాబాయ్:
ముందే చెప్తే ఆ సీన్‌కి అంత దెబ్బ ఉండదయ్యా.

నేల టికెట్:
ఏమో. ఆదివారం మా తమ్ముడికి అరిజోనా దగ్గర్నుంచి మొదలుపెట్టి చూపిస్తా. మొన్న న్యూయార్క్ దాటకుండానే నిద్రపోయాడు.