పక్క ప్లాటులో గడ్డి మందు కొట్టారు, మా చుక్కి కక్కుతోంది

చుక్కి వాళ్ళమ్మ, అనంతపురం:
మాది కళ్యాణదుర్గం రోడ్డు వైపు. పక్కన ఖాళీ ప్లాటు ఉంది. వానలు పడ్డాక అందులో వయ్యారిభామ నడుమెత్తు పెరిగింది. నిన్న పొద్దున ఆ స్థలం వాళ్ళు మనిషిని పెట్టి మందు కొట్టించారు. మాకు ఒక్క మాట చెప్పలేదు, చెప్పుంటే గేటు వేసుకునేదాన్ని. చుక్కి ఊరకుక్కే, నాలుగేళ్ళు, నుదుట తెల్లచుక్క. తడి ఆరకముందే అందులో పొర్లి వచ్చి, చాలాసేపు కాళ్ళు నాక్కుంటూ కూర్చుంది. ఎందుకో నాకప్పుడు తట్టలేదు.

ఈరోజు మధ్యాహ్నం నుంచి మూడుసార్లు కక్కింది. మొదట గరిక పోచలు, తర్వాత పసుపు నీళ్ళు, నురగ. పెరుగన్నం పెడితే మొహం తిప్పుకుంది. వెనక కాళ్ళు బిగుసుకుపోయినట్టు నడుస్తోంది. రోజూ ఎగిరి దూకే రెండు మెట్లు ఎక్కలేక కింద నిలబడి నన్నే చూస్తోంది. ఎదురింటి పెద్దమ్మ ఉప్పునీళ్ళు తాగించి కక్కించమంటోంది. తాగించొచ్చా? రాత్రి ఎనిమిదైంది, చాలా టెన్షన్‌గా ఉంది.

వెటర్నరీ స్టూడెంట్, ప్రొద్దుటూరు:
వద్దక్కా, ఉప్పునీళ్ళు అసలు పట్టొద్దు. ఉప్పు ఎక్కువైతే కుక్కకు అదే విషం. బలవంతంగా కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. చేతులకు కవర్లు తొడుక్కుని, గోరువెచ్చని నీళ్ళు, షాంపూతో కడగండి. వేళ్ళ సందులు, పొట్ట కింద బాగా రుద్దండి. నోట్లో పుండ్లు ఉన్నాయేమో, ఆయాసపడుతోందేమో చూడండి. డాక్టరుకు ఇప్పుడే ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు. ఏ మందు కొట్టారో తెలిస్తే ఆయనకు సగం పని తేలికవుతుంది.

మందుల షాపు, ఆదోని:
డబ్బా దొరక్కపోతే మొక్కల్ని చూడు తల్లీ. ఒక్క రోజులోనే ఆకులు మాడిపోయుంటే అది పారాక్వాట్ కావచ్చు, అన్నిటికంటే ప్రమాదం అదే. గ్లైఫోసేట్ అయితే నెమ్మది, మెల్లగా పసుపెక్కడానికే రోజులు పడుతుంది. కాడలు మెలి తిరిగి గడ్డి మాత్రం పచ్చగానే ఉంటే 2,4-డి అనుకో. అది వెడల్పాకు కలుపునే చంపుతుంది, గరికను ఏమీ చేయదు. డబ్బా దొరికితే బ్రాండు పేరుతో ఆగకుండా కింద చిన్న అక్షరాల్లో ఉండే టెక్నికల్ పేరు, అంటే లోపలున్న అసలు మందు పేరు, దాని పర్సెంటు ఫోటో తియ్యి. విషం గుర్తులో కింది సగం ఏ రంగో కూడా చూడు. ఎరుపు అన్నిటికంటే ఘాటు, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

చుక్కి వాళ్ళమ్మ:
కడిగాను. నోట్లో పుండ్లు లేవు, ఆయాసమూ లేదు. టార్చ్ వేసుకుని వెళ్ళి చూశానన్నా. వయ్యారిభామ కాడలన్నీ గొడుగు పిడిలా వంకర తిరిగిపోయాయి. వాటి మధ్య గరిక మాత్రం పచ్చగా ఉంది. గోడ మూల ఖాళీ ప్యాకెట్ కూడా దొరికింది, 2,4-డి సోడియం సాల్ట్ అనుంది. డాక్టరు గారు రమ్మన్నారు, ఆటోలో బయల్దేరుతున్నాం.

వెటర్నరీ స్టూడెంట్, ప్రొద్దుటూరు:
ప్యాకెట్ కవర్లో వేసి తీసుకెళ్ళండి. ఈ మందు మూత్రంలో బయటికి పోవాలి, కుక్కల కిడ్నీలు దాన్ని త్వరగా పంపలేవు. అందుకే వీటికి ఎక్కువ కష్టం. కాళ్ళు బిగియడం కూడా దీని లక్షణమే. విరుగుడు మందంటూ లేదు, సెలైన్ పెట్టి కనిపెట్టుకుని ఉండాలి. అయినా గోమార్లు (ఒంటికి పట్టి రక్తం తాగే పురుగులు) కుట్టి వచ్చే గోమార్ల జ్వరానికీ కుక్కలు ఇలాగే తిండి మానేసి నీరసపడతాయి. రక్త పరీక్ష కూడా చేయమనండి.

చుక్కి వాళ్ళమ్మ:
మూడో రోజు రాస్తున్నాను. రెండు రోజులు సెలైన్ పెట్టారు. రక్త పరీక్షలో గోమార్ల జ్వరం లేదు. వాంతులు నిన్నటి నుంచి ఆగాయి. ఈ పొద్దున నా చేతిలోంచి నాలుగు ముద్దలు పెరుగన్నం తింది. వెనక కాళ్ళు ఇంకా కొంచెం తడబడుతున్నాయి, మెట్లు నేనే ఎత్తుకుని ఎక్కిస్తున్నాను. స్థలం వాళ్ళింటికి వెళ్ళి, ఈసారి మందు కొట్టించే ముందు రోజే చెప్పమని గట్టిగా అడిగొచ్చాను. సరేనన్నారు. ఆ వీధిలో ఇంకా మూడు కుక్కలున్నాయి, వాటి వాళ్ళకూ చెప్పాను.