లేయర్ దాణాలో డీడీజీఎస్ కలిపితే ఖర్చు తగ్గుతుందా, గుడ్లు తగ్గుతాయా?

మండపేట లేయర్:
నమస్కారం అండి. మావి పది వేల లేయర్ కోళ్లు, వయసు 40 వారాలు. కోడికి 110 గ్రాముల లెక్కన రోజుకు 1,100 కేజీల దాణా. మిక్సింగ్ మేమే చేసుకుంటాం. డీలరు మొక్కజొన్న డీడీజీఎస్ నూటికి పది కేజీలు కలపమంటున్నాడు. ఇథనాల్ ఫ్యాక్టరీలో గింజలోని పిండి పదార్థం పోయాక మిగిలే ఎండు పిప్పి అది. సోయా చెక్క కన్నా చవక. కేజీ దాణాకు రూపాయి తగ్గినా నెలకు 33 వేలు మిగులుతాయి. వాడినవాళ్లు చెప్పండి.

అనపర్తి పెద్దాయన:
వద్దు బాబూ. పోయినేడాది నేను కలిపాను. మూడు వారాల్లో గుడ్ల ప్రొడక్షన్ 92 శాతం నుంచి 84కి దిగింది. చచ్చిన కోడిని కోయిస్తే కాలేయం పసుపుపచ్చగా, వేలు పెడితే చితికిపోయేలా ఉంది. అఫ్లటాక్సిన్ అనే బూజు విషం అన్నారు. వంద కేజీల గింజ ఫ్యాక్టరీకి వెళ్తే పిప్పి సుమారు ముప్పై కేజీలు వస్తుంది. గింజలోని బూజు విషం ఇథనాల్లోకి పోదు, ఆ ముప్పై కేజీల్లోనే ఉండిపోతుంది. అంటే మూడింతలు.

గుడివాడ రైతు:
ముందు మీ మొక్కజొన్న తేమ ఎంతో చెప్పండి. 14 శాతం దాటితే బూజు మీ గోడౌన్‌లోనే పుడుతుంది.

తణుకు మిక్సింగ్:
బాబాయ్ గారూ, తప్పు డీడీజీఎస్‌ది కాదు, ఆ లోడుది. నేను రెండేళ్లుగా వాడుతున్నాను. గుప్పెట్లోకి తీసుకుంటే బంగారు రంగులో ఉండాలి. ముదురు గోధుమ రంగులో ఉండి మాడు వాసన కొడితే లైసిన్, అంటే ప్రోటీన్‌లో కోడికి తప్పనిసరి భాగం, దెబ్బతిన్నట్టే. చాలామంది ప్రోటీన్ అంకె చూసి సోయా తీసేస్తారు, లైసిన్ సరిచేయరు. అప్పుడు గుడ్డు పడిపోక ఏం చేస్తుంది? మీ ఫార్ములాలో లైసిన్ ఎంత పెంచారు? లోడు ల్యాబ్‌కు పంపారా?

అనపర్తి పెద్దాయన:
పంపాను. రిపోర్టు వచ్చేసరికి సగం లోడు కోళ్ల కడుపులోకి వెళ్లిపోయింది.

సిద్దిపేట బ్రాయిలర్:
మాది కంపెనీ ఇంటిగ్రేషన్. పిల్లలు, దాణా కంపెనీవి, పెంచడం మాది. బస్తాలో ఏం కలిపారో చెప్పరు. ఎఫ్‌సీఆర్, అంటే కేజీ బరువుకు కోడి తినే దాణా, కాస్త పెరిగితే మాత్రం మా గ్రోయింగ్ ఛార్జీలో కోస్తారు. ఫార్ములా మీ చేతిలో ఉంది, అదే నయం.

గుడివాడ రైతు:
తేమ సంగతి ఎవరూ చెప్పలేదు. మీటర్ లేకపోతే ఉప్పు చాలు. బాగా ఆరిన గాజు సీసాలో మూడో వంతు గింజలు, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి మూత బిగించి రెండు నిమిషాలు ఊపండి. ఉప్పు గాజుకు అంటుకుంటే గింజ పచ్చిగా ఉన్నట్టే.

పశువైద్యుడు:
డీడీజీఎస్ సంగతి తర్వాత. కోడికి 5 గ్రాములు కింద పడినా పది వేల కోళ్లకు రోజుకు 50 కేజీలు. తొట్టె మూడో వంతుకు మించి నింపకండి. పెంకు రాత్రిపూట తయారవుతుంది కాబట్టి ముతక ఆల్చిప్ప గుల్ల సాయంత్రం మేతలో వేయండి. గింజలోని భాస్వరాన్ని కోడికి అందించే ఫైటేజ్ ఎంజైమ్ వాడుతున్నవాళ్లు, భాస్వరం కోసం వేసే డీసీపీ పొడి తగ్గించారా? తగ్గించకపోతే రెండు ఖర్చులూ మీవే.

కర్నూలు కోళ్ల ఫారం:
2021లో సోయా చెక్క కేజీ వంద రూపాయల దాకా వెళ్లింది. కేంద్రం 12 లక్షల టన్నుల దిగుమతికి ఒప్పుకుంది. ఇప్పుడు మొక్కజొన్న ఇథనాల్‌కు పోతోంది. మనం నూకలకు మారితే పచ్చసొన తెల్లబడుతుంది, మళ్లీ రంగు కోసం వేరే ఖర్చు.

తణుకు మిక్సింగ్:
బాబాయ్ గారూ, ఏమీ అనుకోకండి. మీ మొక్కజొన్నలో ఉన్న విషాన్ని డీడీజీఎస్ మీదకు నెడుతున్నారేమో. లోడు దించే ముందే వాసన చూసి వెనక్కి పంపాల్సింది. అజాగ్రత్తకు సరుకును తప్పుపడితే కొత్తవాళ్లు భయపడతారు.

అనపర్తి పెద్దాయన:
అజాగ్రత్తా? 31 ఏళ్లుగా కోళ్ల మీదే బతుకుతున్నాను. మాడు వాసన నాకు తెలియదనుకున్నావా అబ్బాయ్? లారీ తలుపు తీయగానే తెలిసింది. డీలరుకు ఆరు లక్షలు బాకీ ఉన్నాను. లోడు వెనక్కి పంపితే మర్నాడు మొక్కజొన్న రాదు. నా తొట్లలో ఒక్క పూట మేత మాత్రమే ఉంది. ఆకలితో ఉన్న కోళ్లు ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగుతాయా? నువ్వు ఏప్రిల్‌లో రబీ గింజ రాగానే డబ్బిచ్చి ఆరు నెలలకు సరిపడా కొనుక్కుంటావు. నీకు గోడౌన్ ఉంది. నేను పది రోజులకో లోడు అప్పు మీద దించుకుంటాను. మనిద్దరం వాడేది ఒకే డీడీజీఎస్ కాదు.

మండపేట లేయర్:
నాదీ అప్పు మీదే అండి. మొదట్లో చెప్పలేదు.

తణుకు మిక్సింగ్:
అజాగ్రత్త అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను బాబాయ్ గారూ. కానీ సరుకు చెడ్డది అనడం మాత్రం ఒప్పుకోను. నలుగురు కలిసి లోడు తెప్పించుకుంటే డీలరు కూడా దిగివస్తాడు.

అనపర్తి పెద్దాయన:
ఆ పనీ చేశాం. గుడ్డు రేటు పడిన నెలలో ఇద్దరు డబ్బు కట్టలేకపోయారు. వాళ్ల వాటా నా మీద పడింది. ఆ ఆరు లక్షల్లో అదీ ఉంది.

సిద్దిపేట బ్రాయిలర్:
ఫార్ములా మీ చేతిలో ఉందన్నాను. లేదని ఇప్పుడు అర్థమైంది.

మండపేట లేయర్:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. రిపోర్టు వచ్చాకే లోడు దించుకుంటానని డీలర్ని అడిగాను, కుదరదన్నాడు. డీడీజీఎస్ ఇప్పటికి ఆపేశాను. డాక్టరు గారు చెప్పినట్టు ఒక వరుస తొట్ల కింద టార్పాలిన్ పరిచాం. మర్నాడు తూకం వేస్తే వంద కోళ్ల కింద 700 గ్రాముల దాణా. షెడ్డు మొత్తానికి రోజుకు 70 కేజీలు ఎరువులో కలిసిపోతున్నట్టు. తొట్టె నింపడం తగ్గించి ఒకేసారి కాకుండా మూడుసార్లు వేయిస్తున్నాను.

గుడివాడ రైతు:
ఉప్పు సీసా చేశారా?

మండపేట లేయర్:
చేశానండి. గాజుకు అంటుకుంది. 40 బస్తాలు కళ్లంలో ఎండబోశాం.