నాన్నగారి ఆపరేషన్‌కు నా సంతకం సరిపోతుందా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
మా నాన్నగారికి వచ్చే వారం ఇక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేయనున్నారు. నిన్న బిల్లింగ్ కౌంటరు వద్ద ఇంగ్లీషులో ఉన్న అంగీకార పత్రాన్ని నా చేతికిచ్చి, రోగి వెంట వచ్చిన అటెండరుగా నన్ను సంతకం పెట్టమన్నారు. ఆపరేషన్ పేరు, రాగల ఇబ్బందులు రాయవలసిన గడులు ఖాళీగానే ఉన్నాయి. నాన్నగారు పక్క కుర్చీలోనే పేపరు చదువుకుంటున్నా, ఆయనను ఎవరూ ఒక్క మాట అడగలేదు. పూర్తి స్పృహలో ఉన్న మనిషికి బదులు నేను సంతకం చేయవచ్చా?

జవాబు (గవర్నర్‌పేట, విజయవాడ):
చేయకూడదండి. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న ఇచ్చిన తీర్పు సరిగ్గా ఈ విషయంపైనే. ఆమె పరీక్ష కోసం లాపరోస్కోపీకి (పొట్టకు చిన్న రంధ్రం చేసి కెమెరాతో లోపల చూడడానికి) మాత్రమే ఒప్పుకోగా, మత్తులో ఉన్నప్పుడు తల్లి చేత అనుమతి ఇప్పించుకుని గర్భసంచిని, అండాశయాలను తొలగించారు. ప్రాణాపాయం లేనప్పుడు, మెలకువ వచ్చాక తానే నిర్ణయించుకోగల వ్యక్తి విషయంలో తల్లి అనుమతి చెల్లదని కోర్టు తేల్చింది. చికిత్స ఎలాంటిది, ఎందుకు, వేరే మార్గాలేమిటి, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వద్దనుకుంటే ఏమవుతుంది అన్నవి రోగికి తెలియాలి. అరుదైన ప్రతి ప్రమాదాన్నీ ఏకరువు పెట్టి భయపెట్టనక్కరలేదని కూడా అదే తీర్పు చెప్పింది.

జవాబు (కొత్తపేట, గుంటూరు):
థియేటర్ నర్సుగా ఒక మాట చెబుతాను. లాపరోస్కోపీతో మొదలుపెట్టిన గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో లోపల వాపు, అతుకులు ఎక్కువగా కనిపిస్తే, కొన్నిసార్లు పొట్ట కోసి చేయవలసి వస్తుంది. రోగిని మధ్యలో లేపి అడగలేం కనుక, ఆ సంగతీ, పైత్యరస నాళానికి దెబ్బ తగిలే అవకాశమూ ముందుగానే ఆయనకు చెప్పి పత్రంలో రాయించాలి. ఖాళీ గడుల కింద మాత్రం ఎవరూ సంతకం చేయకండి.

జవాబు (పటమట, విజయవాడ):
చట్టం సరే, మన ఇళ్లలో పెద్దవాళ్లే "నాకేం తెలుసు, మా అబ్బాయిని అడగండి" అంటారు కదా. వాళ్లను ఆ భారం మోయమని బలవంతపెట్టడం నాకు న్యాయంగా తోచదు.

జవాబు (గవర్నర్‌పేట, విజయవాడ):
బలవంతం అక్కరలేదండి. కొడుకుకు చెప్పమని ఆయనే అంటే అదీ ఆయన నిర్ణయమే. అయినా సంతకం ఆయనదే ఉండాలి. ఇక్కడ ఆ మాట అనే అవకాశమే ఆయనకు ఇవ్వలేదు. సర్జన్‌గారి దగ్గరకు నాన్నగారినే తీసుకెళ్లి, తెలుగులో వివరించమని అడగండి.