నాన్నకి అల్జైమర్స్ అన్నారు, ఆ కొత్త ఇంజెక్షన్ కోసం స్థలం అమ్మొచ్చా?

కాకినాడ_మాస్టారికూతురు:
అందరికీ నమస్కారమండి. నాన్నకి 74, లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. రెండేళ్ళ నుంచి అడిగిందే అడుగుతున్నారు, వయసు కదా అని ఊరుకున్నాం, పోయిన నెల రైతుబజారుకెళ్ళి ఇంటికి దారి తెలీక గుడి మెట్ల మీద మూడు గంటలు కూర్చుండిపోయారు, తెలిసినాయన చూసి తీసుకొచ్చారు. ఎమ్మారై తీసి అల్జైమర్స్ మొదలైంది అన్నారు, డోనెపెజిల్ రాశారు. అన్నయ్యేమో లెకానెమాబ్ అని కొత్త ఇంజెక్షన్ వచ్చింది, స్థలం అమ్మైనా తెప్పిద్దాం అంటున్నాడు. ఎవరైనా వాడారా? నిజంగా తగ్గుతుందా?

ఎడిసన్_అల్లుడు:
మా అత్తయ్యగారికి ఇక్కడ న్యూజెర్సీలో ఏడాదిగా ఎక్కిస్తున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. ముందు "తగ్గుతుంది" అన్న మాట మనసులోంచి తీసేయండి. పోయిన జ్ఞాపకం తిరిగి రాదు, జారిపోయే వేగం కొంచెం తగ్గుతుంది అంతే. 1,795 మంది మీద 18 నెలలు చేసిన ట్రయల్‌లో 27 శాతం నెమ్మదించింది అని వార్తలొచ్చాయి కదా, అది జబ్బు తీవ్రతని కొలిచే 18 పాయింట్ల స్కేలు మీద 0.45 తేడా. ఇంట్లోవాళ్ళకి అంత తేడా తెలుస్తుందా లేదా అని డాక్టర్లే వాదించుకుంటున్నారు. నాకైతే తెలియలేదు, మా ఆవిడ మాత్రం అమ్మ ఇంకా కాఫీ తనే కలుపుకుంటోంది కదా అంటుంది, ఇంజెక్షన్ లేకపోతే ఎలా ఉండేవారో ఎవరం చెప్పలేం.

అందరికీ ఇవ్వరు కూడా. జబ్బు తొలి దశలోనే ఉండాలి, మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుందని పెట్ స్కాన్‌లోనో వెన్నునీటి పరీక్షలోనో తేలాలి, ఏపీఓఈ4 అని జీన్ టెస్టు చేస్తారు, ఆ జీన్ రెండు కాపీలూ ఉన్నవాళ్ళకి మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే రిస్కు బాగా ఎక్కువ. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకైతే ఇంకా జాగ్రత్తగా ఉంటారు. రెండు వారాలకోసారి సెలైన్ లాగా ఎక్కిస్తారు, మధ్యమధ్యలో ఎమ్మారైలు. అత్తయ్యకి మూడో నెల వాపు కనబడింది, ట్రయల్‌లో కూడా సుమారు ఎనిమిది మందిలో ఒకరికి వచ్చింది, రెండు నెలలు ఆపేశారు, ఆవిడకి ఏమీ తెలియలేదు గానీ మాకు నిద్రల్లేవు. మందు ఒక్కటే ఏడాదికి 26,500 డాలర్లు, మెడికేర్ అని పెద్దవాళ్ళకి ఇక్కడి ప్రభుత్వ బీమా ఉంది కాబట్టి గట్టెక్కాం. స్థలం మాట తర్వాత, అన్ని ఎమ్మారైలు తీసి, వాపొస్తే వెంటనే పట్టుకునే డాక్టరు మీకు అందుబాటులో ఉన్నారా అన్నది ముందు చూసుకోండి.

వరంగల్_వాణి:
అక్కా ఇంజెక్షన్ ముచ్చట పక్కన పెట్టు, రక్తపరీక్షలు అయినయా? మా బాపును గూడ మతిమరుపే అన్నరు. నడక తేడా వచ్చింది, పొద్దంత నిద్ర, నన్ను చూసి మా మేనత్త పేరు పెట్టి పిలిచేటోడు. రెండు నెలల ముందు బాత్రూంల జారిపడ్డ సంగతి మేమెవ్వరం డాక్టర్‌కు చెప్పలే, చిన్న దెబ్బే గదా అనుకున్నం. ఇంకో దగ్గర సీటీ తీస్తే పుర్రె కింద రక్తం చేరి మెదడును నొక్కుతున్నది, చిన్న రంధ్రం చేసి తీసిండ్రు, పది రోజులల్ల మళ్ల మా బాపు మాకు దొరికిండు. మీ నాన్నకు ఎమ్మారై అయింది గాబట్టి అది కాదు కావచ్చు, కని బి12, థైరాయిడ్, సోడియం మాత్రం తప్పక చూపియ్యి. ఇవి తక్కువున్నా మనిషి అట్లనే అయితడు, వీటికి మందున్నది.

కర్నూలు_మందులంగడి:
ముప్పై ఏండ్లుగా అంగడిలో చూస్తాండా, ఒక మాట చెప్తా. పెద్దాయన మింగే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకొని పోయి డాక్టర్ ముందర కుమ్మరించండి. మూత్రం ఆపుకోలేనోళ్ళకి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, నరాల నొప్పికీ నిద్రకీ రాసే అమిట్రిప్టిలిన్, కొన్ని జలుబు మందులు, ఇవి మెదడులో జ్ఞాపకానికి కావాల్సిన అసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. డోనెపెజిల్ చేసేది దానికి ఉల్టా, ఉన్న అసిటైల్‌కోలిన్ విరిగిపోకుండా కాపాడుతుంది. ఒక డాక్టర్ కుండలో నీళ్ళు పోస్తాంటే ఇంకొక డాక్టర్ అడుగున చిల్లు పెట్టినట్టు. రెండు చీటీలూ ఒకే మనిషివి నా దగ్గరికి చానాసార్లు వచ్చినాయి.

కాకినాడ_మాస్టారికూతురు:
అయ్యో, నాన్నకి మూత్రానికి వేరే డాక్టర్ ఇచ్చిన మాత్ర అదేనండి, ఏడాదిన్నరగా వేసుకుంటున్నారు. బి12 కూడా ఎవరూ రాయలేదు. ఈ రాత్రి నుంచే ఆ మాత్ర ఆపేయనా?

కర్నూలు_మందులంగడి:
మీరుగా ఆపొద్దమ్మా, రేపు ఆ డాక్టర్‌కే ఫోన్ చేసి అడగండి, దాని బదులు వేరేవి ఉన్నాయి.

పాతబస్తీ_మనవడు:
మా నాయనమ్మ ఇంట్లో తెలుగు, గల్లీలో దక్కనీ ఉర్దూ, బడికి పోలేదు, వేలిముద్రే. 80 దాటినంక గానీ మరుపు మొదలు కాలేదు. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి వాళ్ళు 648 మంది డిమెన్షియా (అల్జైమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) పేషెంట్ల మీద చేసిన స్టడీ 2013లో వచ్చింది, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి ఒకే భాష వాళ్ళ కంటే దాదాపు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది, చదువురాని వాళ్ళలో కూడా. వేరే దేశాల్లో ఈ మాట అంటే వలస వచ్చినోళ్ళ తేడా అనో చదువు తేడా అనో కొట్టేసేవాళ్ళు, హైదరాబాద్‌లో పాలవాడి నుంచి ప్రొఫెసర్ దాకా అందరూ రెండు మూడు భాషలు మాట్లాడతారు కాబట్టి ఇక్కడ అది విడదీసి చూడగలిగారు. మన ఊరి ముసలోళ్ళ వల్ల ప్రపంచానికి తెలిసిన సంగతి ఇది, నాకు చాలా గర్వంగా ఉంటది.

విశాఖ_శారద:
అమ్మకి నాలుగు భాషలు వచ్చు, ఒరియా కూడా చదివేది, 66కే మొదలైంది. ఇలాంటివి చదివినప్పుడల్లా ఆవిడ ఏదో తక్కువ చేసినట్టు అనిపించి బాధేస్తుంది.

పాతబస్తీ_మనవడు:
మేడమ్ మిమ్మల్ని నొప్పించాలని కాదు, సారీ. అది వందలమంది సగటు, ఒక మనిషి జాతకం కాదు. రెండు దాటి ఎన్ని భాషలొచ్చినా అదనంగా లాభం కనబడలేదని కూడా ఆ స్టడీలోనే ఉంది.

బెంగళూరు_సాఫ్ట్‌వేర్44:
మధ్యలో వస్తున్నా, మా నాన్నకి ఉంది, నాకు 44, ఈమధ్య పేర్లు గుర్తు రావట్లేదు, రక్తపరీక్షతో తెలిసిపోతుందట కదా, చేయించుకోనా?

ఎడిసన్_అల్లుడు:
రక్తంలో పీ-టావ్217 అనే ప్రోటీన్ చూసే పరీక్ష గురించి అడుగుతున్నారు అనుకుంటా. 2025 మేలో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మొదటి రక్తపరీక్ష అదే, కానీ 55 దాటి, లక్షణాలు ఉండి, స్పెషలిస్ట్ చూస్తున్నవాళ్ళకి మాత్రమే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని జల్లెడ పట్టడానికి కాదు. మెదడులో అమిలాయిడ్ ఉండి కూడా చివరిదాకా ఏ మరుపూ లేకుండా పోయినవాళ్ళు బోలెడుమంది, పాజిటివ్ అని కాగితం చేతికొస్తే ఆ తర్వాత నిద్ర పట్టదు. మీ వయసులో బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్ చూపించుకోండి. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ లెక్కలో డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా ఇలాంటి 14 కారణాలతో ముడిపడి ఉన్నాయి, కొలెస్ట్రాల్, కంటిచూపు ఆ ఏడాదే కొత్తగా చేర్చారు.

గుంటూరు_పద్మ:
ఆ 14లో చెవుడు కూడా ఉందండి, మనవాళ్ళు అస్సలు పట్టించుకోరు. మా మావయ్యగారు పిలిస్తే పలికేవారు కాదు, మతి పోతోంది అనుకున్నాం, సగం చెవుడే. అమెరికాలో 977 మందికి మూడేళ్ళు చేసిన ట్రయల్ 2023లో వచ్చింది, మొత్తం మీద చెవి మిషన్ వల్ల తేడా కనబడలేదు, కానీ రిస్కు ఎక్కువున్నవాళ్ళని విడిగా చూస్తే మరుపు 48 శాతం నెమ్మదించింది. మావయ్యగారు మొదట్లో మిషన్ తీసి దిండు కింద దాచేవారు, ఇప్పుడు మనవరాలితో ఫోన్ మాట్లాడాలని తనే అడిగి పెట్టించుకుంటున్నారు.

అనంతపురం_కోడలు:
మా అత్తమ్మకి ఆరో సంవత్సరం, ఏ ఇంజెక్షనూ పనికొచ్చే దశ కాదు. ఇవి పేపర్లలో రావు కాబట్టి రాస్తున్నా. గేటుకి గొళ్ళెం కింద వైపు పెట్టించండి, కంటికి కనపడదు. చొక్కా లోపల ఫోన్ నంబర్ కుట్టండి. సందెపొద్దు దాటితే గోల ఎక్కువ అవుతుంది, లైట్లు ముందే వేసేయండి. అన్నిటికన్నా, తప్పు దిద్దొద్దు. చనిపోయిన మామగారు ఎక్కడ అని అడిగితే మొదట్లో నిజం చెప్పేదాన్ని, ప్రతిసారీ ఆ కబురు అప్పుడే విన్నట్టు ఏడ్చేది, రోజుకి మూడుసార్లు విధవరాలిని చేశాను ఆమెని. ఇప్పుడు ఆయనకి ఏం వండితే ఇష్టం అత్తమ్మా అని అడుగుతా, ఉగ్గాని గురించి అరగంట చెప్తుంది.

కాకినాడ_మాస్టారికూతురు:
మూడు వారాల తర్వాత వస్తున్నానండి. బి12 బాగా తక్కువ ఉంది, ఇంజెక్షన్లు మొదలెట్టారు. మూత్రం మాత్ర మార్చారు. పగటి మత్తు తగ్గింది, మాటలో కాస్త స్పష్టత వచ్చింది, అడిగిందే అడగడం మాత్రం అలాగే ఉంది, అల్జైమర్స్ కూడా ఉందనే న్యూరాలజిస్ట్ గారు గట్టిగా అంటున్నారు. అన్నయ్య మొదట ఒప్పుకోలేదు, అల్లుడుగారు రాసింది మొత్తం చదివి వినిపించాను, స్థలం ఇప్పటికి అమ్మట్లేదు. శారద గారూ, మీ అమ్మగారు ఎలా ఉన్నారు? గుంటూరు పద్మగారు అన్నాక గమనించాను, నాన్న టీవీ సౌండు బాగా పెంచుతున్నారు. కాకినాడలోగానీ రాజమండ్రిలోగానీ పెద్దవాళ్ళకి ఓపిగ్గా చెవి పరీక్ష చేసేవాళ్ళు తెలిస్తే చెప్పరూ.