ఐఫోన్ కోసం నాన్నను ఎలా ఒప్పించాలి?

అందరికీ నమస్కారం. నాకు 17 ఏళ్లు, తెనాలిలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాకు ఐఫోన్ 16 కావాలి. 2024లో విడుదలైనప్పుడు దాని ధర 79,900 రూపాయలు. నాన్నది చిన్న కిరాణా కొట్టు. అంత డబ్బంటే మాటలు కాదని నాకూ తెలుసు.

షోకు కోసం అడగడం లేదు. వీడియోలు తీయడమంటే నాకు ప్రాణం. ఇప్పుడు వాడేది అమ్మ పాత ఫోన్, 32 జీబీ. స్క్రీన్ మీద ఈ మూల నుంచి ఆ మూలకు పగులు, దాని మీద సెల్లోటేప్. మొన్న చెల్లి కూచిపూడి ప్రోగ్రాం తీస్తుంటే, తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీదకు ఎక్కే సమయానికే స్టోరేజ్ నిండి రికార్డింగ్ ఆగిపోయింది. చెల్లి ఏమీ అనలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాన్నను ఒకసారి అడిగాను. ఖాతా పుస్తకం రాస్తూ తలెత్తకుండానే "ముందు ఎంసెట్ సంగతి చూడరా" అన్నారు. ఆయన టెన్షన్ ఆయనది.

పండగలకు తాతయ్య, మేనత్త ఇచ్చినవి దాచుకుంటే 11,000 అయ్యాయి. అవి ముందు చేతిలో పెట్టి, పరీక్షలయ్యాక కొనమని అడిగితే వింటారా? ఈఎంఐ అన్నా ఆయన దృష్టిలో అప్పే, ఆ మాటే గిట్టదు. లేక పాతిక వేలలో 256 జీబీ ఆండ్రాయిడ్‌తో సరిపెట్టుకోనా? ఆన్‌లైన్ క్లాసులకని అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు.

పిల్లలున్నవాళ్లు దయచేసి చెప్పండి, మీ అబ్బాయి ఎలా అడిగితే మీరు కాస్త ఆలోచిస్తారు? ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేసి వచ్చాక మాట్లాడదామనుకుంటున్నాను.